ఇద్దరు సాక్షులు: పాత ప్రతి, పల్లె మాట

చదువవలసిన భాగములు: న్యాయాధిపతులు 12:1–6, మత్తయి 26:69–75, ద్వితీయోపదేశకాండము 19:15.



ఒక్క అక్షరము పలుకలేక 42,000 మంది ప్రాణములు పోగొట్టుకొనిన సంగతి న్యాయాధిపతుల గ్రంథములో ఉన్నది. గిలాదువారు యొర్దాను రేవులను పట్టుకొని, దాటవచ్చిన ప్రతివానిచేత ‘షిబ్బోలెతు’ అను మాట పలికించిరి. ఎఫ్రాయిమువారికి ఆ ‘షి’ నోట తిరుగదు. వారు ‘సిబ్బోలెతు’ అనిరి. ఆ పలుకుబడియే వారి ఊరిని పట్టి ఇచ్చెను. ఇరువురును ఇశ్రాయేలీయులే, ఇరువురిదియు ఒక్క భాషయే. తేడా యాసలో మాత్రమే ఉండెను.

మత్తయి సువార్తలో పేతురుకును ఇట్టి చిక్కే వచ్చినది. ప్రధానయాజకుని ముంగిట నిలిచినవారు అతని మాట విని గలిలయవాడని గుర్తించిరి.

యాస మనుష్యుని ఊరిని చెప్పునని ఈ రెండు భాగములు తెలుపుచున్నవి. దానిని పట్టుకొని ఒకరిని చంపవచ్చును, ఒకరిని ఎగతాళి చేయవచ్చును. అయితే అదే యాసను ఆధారము చేసికొని సత్యమును వెదకిన పండితులును లోకములో ఉన్నారు. పాత వ్రాతప్రతులను, పల్లెల మాటలను ప్రక్కప్రక్కన ఉంచి వారు చేసిన పని ఎట్టిదో, అది మన పల్నాటి గ్రామములకు ఏమి నేర్పునో ఈ పాఠములో చూతము.

1. గ్రుడ్లు దొరకని కథ

ఇంగ్లాండు దేశములో మొదట అచ్చుయంత్రము పెట్టిన విలియం కాక్స్టన్ 1490లో తాను అచ్చువేసిన ఒక గ్రంథపు పీఠికలో ఒక చిన్న సంగతి వ్రాసెను. కొందరు వర్తకులు థేమ్సు నదినుండి ఓడలో బయలుదేరి, గాలి లేనందున ఒడ్డున దిగిరి. వారిలో ఒకడు ఒక ఇంటి ఇల్లాలిని ‘ఎగ్స్’ కావలెనని అడిగెను. ఆమె తనకు ఫ్రెంచి భాష రాదనెను. అతనికిని ఫ్రెంచి రాదు గనుక కోపము వచ్చెను. అప్పుడు మరియొకడు ‘ఐరెన్’ కావలెననగా ఆమెకు అర్థమయ్యెను. రెండును గ్రుడ్లకు ఇంగ్లీషు పేర్లే. ఒకటి ఉత్తరపు మాట, మరియొకటి దక్షిణపు మాట.

అచ్చు రాకముందు ఆ దేశములో ప్రతి గ్రంథమును చేతితోనే వ్రాసికొనిరి. 14వ శతాబ్దపు చివర జాన్ విక్లిఫ్ శిష్యులు లాటినునుండి ఇంగ్లీషులోనికి మార్చిన బైబిలును అట్లే వ్రాసికొనిరి. 15వ శతాబ్దారంభమున సంఘాధికారులు దానిని నిషేధించినను, నేటికిని సుమారు 250 ప్రతులు మిగిలియున్నవి. ఒక ప్రతిని చూచి మరియొకటి వ్రాయునప్పుడు లేఖకుడు తనకు తెలియకయే తన ఊరి మాటను అందులో పెట్టుట కలదు. దక్షిణపు వాడు ‘చర్చి’ అని వ్రాయుచోట ఉత్తరపు వాడు ‘కిర్క్’ అని వ్రాయును.

ఇట్టి తేడాలను చూచి పూర్వపు పండితులలో అనేకులు ఇవి లేఖకుల అజ్ఞానమనిరి. ఎడింబరో విశ్వవిద్యాలయపు అంగస్ మకింటాష్ అట్లు తలంచలేదు. ఆయనయు, ఎం. ఎల్. శామ్యూల్సును, మైకెల్ బెన్స్కిన్ మొదలైనవారును 1350–1450 మధ్యకాలపు ప్రతులను వేయికి పైగా పరిశీలించిరి. ఊరిపేరు స్పష్టముగా నున్న దస్తావేజులను, ఉత్తరములను మొదట పటముమీద గుర్తించిరి. అవి పొలము సరిహద్దు రాళ్లవంటివి. పిమ్మట ఊరు తెలియని ప్రతులలోని ‘ఆమె’, ‘వారు’, ‘అట్టి’ వంటి చిన్న మాటలు ఎట్లు వ్రాయబడెనో చూచి, ఏ ప్రతి ఏ రాళ్ల నడుమ ఇముడునో తేల్చిరి. 1952లో మొదలైన ఈ పని 1986లో నాలుగు పెద్ద సంపుటములుగా వెలువడెను. తప్పులని త్రోసివేసిన అక్షరములే ఆ ప్రతుల పుట్టిన ఊళ్లను చెప్పినవి.

2. తాటాకు పుస్తకములో తప్పు ఎట్లు వచ్చును?

మన దేశములో గ్రంథములు తాటాకులమీద నిలిచినవి. ఆకును ఆరబెట్టి, సమముగా కోసి, గంటముతో గీసి, గీతలలో మసి పట్టించి, రంధ్రములో త్రాడు గ్రుచ్చి, పైనను క్రిందను పలకలు పెట్టి కట్టిరి. చెదలు, తేమ, ఎలుకలు దాని శత్రువులు. ఆకు చివికినప్పుడు దానిని చూచి క్రొత్త ఆకులమీద మరల వ్రాయవలెను. అట్లు ప్రతికి ప్రతి పుట్టుచు వచ్చినది.

ఈ మార్గములో తప్పులు మూడు విధములుగా వచ్చును.

మొదటిది కంటి తప్పు. పాత వ్రాతలో ‘ప’కును ‘వ’కును తేడా కొంచెమే. ‘థ’కును ‘ధ’కును మరింత కొంచెము. ఒకే మాట రెండు పంక్తులలో వచ్చిన యెడల లేఖకుని చూపు మొదటిదానినుండి రెండవదానికి దూకును. నడుమనున్న పంక్తి పోవును.

రెండవది చెవి తప్పు. ఒకరు చదువుచుండగా మరియొకరు వ్రాసినప్పుడు, వినినది తన ఊరి పలుకుబడిలో వ్రాయును.

మూడవది తెలివి తప్పు. ఇది అన్నిటికంటె ప్రమాదకరము. లేఖకునికి తెలియని మాట ఒకటి ఎదురగును. పాతవాడు పొరబడెనని తలంచి, ఆ మాట తీసివేసి, తనకు తెలిసిన మాట పెట్టును. వాక్యము చక్కగానే కనబడును గాని మొదటి కవి మాట పోయినది. అందుచేతనే రెండు ప్రతులు భేదించినచోట, సులువైన మాటకంటె కష్టమైన మాటయే తరచుగా పాతదని పరిశోధకులు చెప్పుదురు. సులువైన మాటను ఎవరును కష్టమైనదానిగా దిద్దరు గదా.

3. బ్రౌను దొర పనితీరు

తెలుగులో ఈ పనిని పెద్దయెత్తున సాగించినవారిలో ముందుగా చెప్పదగినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884). కుంఫిణీ ఉద్యోగియై 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చెను. ఆయన ఊరూర తాటాకు ప్రతులను వెదకించి, కడపలో తన బంగళాలో పండితులకును లేఖకులకును సొంత జీతమునుండి కూలి ఇచ్చి, అప్పులు చేసియు ఈ పని సాగించెను. ఒక్క గ్రంథమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, పంక్తికి పంక్తి పోల్చి, భేదములన్నిటిని వ్రాయించి, పండితులతో చర్చించి పాఠమును నిర్ణయించుట ఆయన పద్ధతి. వేమన పద్యములను 1829లో అట్లే అచ్చువేయించెను. మెకంజీ దొర సేకరించిన గ్రామ కైఫీయతులు చివికిపోవుచుండగా వాటికి క్రొత్త నకళ్లు వ్రాయించినవాడును ఆయనయే. ఆయన కూర్చిన వ్రాతప్రతులు నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములో ఉన్నవి.

బ్రౌను 1852లో వెలువరించిన తెలుగు నిఘంటువులో కావ్యముల మాటలతోపాటు జనులు ఇండ్లలోను పొలములలోను పలుకు మాటలను చేర్చెను. కచేరీలలోను బజారులలోను వాడుకయైన అన్యదేశ్యములకును మిశ్రభాషకును 1854లో వేరొక నిఘంటువే ఇచ్చెను. కావ్యభాష తప్ప మిగిలినది భాష కాదను తలంపు పండితులలో బలముగా నున్న కాలములో ఆయన రెండవ సాక్షిని కూడ పిలిచెను.

తరువాత గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) పాత శాసనములను, వ్రాతప్రతులను వెదకి, పూర్వులు వచనము వ్రాయునప్పుడు వాడుక మాటలే వాడిరని చూపెను. ఆయన కూర్చిన గద్య చింతామణి అట్టి ఉదాహరణల సంపుటి. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నారు.

4. దున్నువాని నోటనున్న నిఘంటువు

పల్లె మాటలను శాస్త్రరీతిగా ఏరుటకు పూనుకొనినవాడు భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012). ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున గ్రామములలో సేద్యగాండ్రను అడిగించి, వ్యవసాయపు మాటలను సేకరించి, 1962లో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును వెలువరించెను. తరువాత గృహనిర్మాణము, చేనేత మొదలైన వృత్తులకును సంపుటములు వచ్చినవి. ఈ పరిశీలనవలన తెలుగునేలలో నాలుగు పెద్ద మాండలికములు గుర్తించబడినవి. కళింగాంధ్ర ఒకటి, తెలంగాణ ఒకటి, రాయలసీమతో కూడిన దక్షిణభాగము ఒకటి, గుంటూరు కృష్ణా గోదావరి జిల్లాల మధ్యభాగము ఒకటి.

ఒకచోట నాగలి అన్నది మరియొకచోట అరక, రాయలసీమలో మడక. కోస్తాలో వేరుశెనగ, తెలంగాణములో పల్లి. వీటిలో ఏది తప్పు? ఏదియు తప్పు కాదు. ప్రతి మాటయు తన నేలలో పుట్టి పెరిగినదే.

ఇప్పుడు పాత ప్రతికిని పల్లె మాటకును కల సంబంధమును ఒక్క మాటతో చూడుడి. పాత గ్రంథములో ‘ఏరు’ అను మాట కనబడినదనుకొందము. పట్టణములో చదివిన పిల్లవానికి అది నది. కాని తొలకరి వానకు పొలము దున్నుటను మనవారు ఏరువాక అందురు. ఆ ‘ఏరు’ నది కాదు, ఎద్దులు పూన్చిన నాగలి. తమిళమునందును నాగలిని ఏర్ అందురు. సేద్యము ఎరుగని లేఖకుడు ఇట్టిచోట పొరబడవచ్చును, ఏరువాక సాగిన రైతు పొరబడడు. షిబ్బోలెతు అను హెబ్రీ మాటకును రెండు అర్థములు చెప్పుదురు. ఒకటి ధాన్యపు వెన్ను, మరియొకటి పారు నీరు. గ్రంథములోని మాట అర్థమగుటకు పొలములోని మనుష్యుడు కావలెనని దీనివలన గ్రహింపవచ్చును.

మరియొక ఉదాహరణము. పాత బడిపుస్తకములలో ‘వాఁడు’, ‘తోఁట’ అని అరసున్న పెట్టుట పెద్దలకు జ్ఞాపకముండును. ఆ అరసున్న అలంకారము కాదు. అంతకు ముందటి శాసనములలో ‘వాణ్డు’ వంటి రూపములున్నవి. నిండుగా పలికిన ముక్కు ధ్వని క్రమముగా సన్నగిల్లి, అరసున్నయై, పిమ్మట పోయినది. మనము ‘వచ్చాడు’ అందుము. కృష్ణానది దాటి నల్లగొండ సీమకు వెళ్లినయెడల ‘వచ్చిండు’ అందురు. ఆ ‘ండు’లో పాత ధ్వని జాడ యింకను ఉన్నది. ఏటి అవతలివారి మాట మోటు అని నవ్వువాడు తన ముత్తాతల మాటను చూచి నవ్వుచున్నాడు. మన మాటను చూచి పట్టణమువారు నవ్వినను అంతే.

5. సాక్షులను ఎట్లు లెక్కింపవలెను?

ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద సంగతి స్థిరపరచవలెనని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. ప్రతులను పోల్చువారికిని ఇదే సూత్రము, అయితే ఒక జాగ్రత్త కలదు. రచ్చబండయొద్ద పదిమంది ఒకే వార్త చెప్పిరనుకొనుడి. విచారింపగా ఆ పదిమందియు ఒక్కనినోటనే వినిరని తేలెను. అప్పుడు సాక్షులు పదిమందియా, ఒక్కడా? ఒక్కడే. వ్రాతప్రతులును అంతే. పది ప్రతులలో ఒకేచోట ఒకే పంక్తి లోపించిన యెడల, ఆ పదియు ఒకే మాతృకను చూచి వ్రాసినవని తెలియును. అవి ఒక్క సాక్షియే. వేరొక ఊరిలో వేరుగా వ్రాసిన ఒక్క చివికిన ప్రతి వాటన్నిటికంటె విలువైనది కావచ్చును.

పల్లె మాటయు సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. అదియు కాలముతో మారును. పెద్దలు చెప్పినదంతయు పాతదని నమ్మరాదు, చదువుకొననివారు చెప్పినదంతయు తప్పని త్రోసివేయరాదు. ఇద్దరు సాక్షులను వినవలెను.

6. మన పల్నాటి సాక్ష్యము

దీనికి దూరము పోనక్కరలేదు. 12వ శతాబ్దములో కారంపూడియొద్ద జరిగిన పల్నాటి యుద్ధము మన బిడ్డలందరికి తెలిసిన కథ. శ్రీనాథ కవి పేర నిలిచిన ద్విపద కావ్యమును అక్కిరాజు ఉమాకాంతము పరిష్కరించి 1911లో పల్నాటి వీరచరిత్రముగా అచ్చువేయించెను. ఆ భాగములో ముఖ్యముగా నున్నది బాలచంద్రుని యుద్ధము. అయితే కథ అంతయు మరియొకచోట బ్రతికియుండెను. వీరవిద్యావంతులను గాయకులు దానిని తరతరములుగా నోటితో పాడుచు వచ్చిరి. వారు మాలపల్లెలవారు. బ్రహ్మనాయుని చాపకూడు సంగతియు, ఆయన సేనలో నిలిచిన మాల కన్నమదాసు సంగతియు వారి పాటలో ఘనముగా నిలిచినవి.

జీన్ రోఘేర్ అను అమెరికా పరిశోధకుడు పల్నాటికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య అను గాయకుడు పాడిన కథను వ్రాసికొని, ఇంగ్లీషులోనికి మార్చి, 1982లో ఆక్స్‌ఫర్డులో ప్రచురించెను. గాయకుని మాటను కావ్యభాషలోనికి దిద్దవలెనని ఆయన తలంచలేదు. అట్లు దిద్దియుండినయెడల ఆ సాక్షి నోరు మూసినట్లే అగును. తాటాకు ఒక సాక్షి, గాలెయ్య గొంతు మరియొక సాక్షి. అచ్చుపుస్తకములో లేని ఘట్టములు పాటలో ఉన్నవి. పాటలో మారిన మాటలకు పాత ప్రతిలో ఆధారము దొరకవచ్చును.

7. ముంపు రాకముందే

మాచర్ల దాపుననున్న నాగార్జునకొండ సంగతి వెల్దుర్తి ప్రాంతమువారికి క్రొత్తది కాదు. 1955లో సాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేసిరి. ఆ లోయ అంతయు నీట మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వరకు పురావస్తు శాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యము పర్యవేక్షణలో త్రవ్వి, శాసనములను శిల్పములను కొండపైకి చేర్చిరి. నీరు వచ్చిన తరువాత వెదకుటకు వీలులేదు గనుక ముందుగానే పని చేసిరి.

మాటలకును ముంపు కలదు. కాలువ నీరు వచ్చినది, మంచిదే. ట్రాక్టరు వచ్చినది, మంచిదే. గుంటక, గొర్రు, మేడి, కాడి, కర్రు అటకలమీదికి ఎక్కినవి. వాటితోపాటు వాటి భాగముల పేర్లు, కట్టుల పేర్లు, ఎద్దులను అదలించు మాటలు, మట్టి రకముల పేర్లు ఎనుబది ఏండ్లు దాటిన పెద్దలయొద్ద మాత్రమే నిలిచియున్నవి. ఆ తాత పోయిననాడు ఆ సాక్షియు పోవును. తాటాకుకైన నకలు కలదు గాని ఆయన నోటి మాటకు నకలు లేదు.

వ్రాత కాగితములును అట్టివే. 1849లో హయ్యరు దొర గురజాల చేరిన కాలమునుండి ఈ సీమలో సంఘములు పెరిగినవి. ఎన్నో ఊళ్లలో బాప్తిస్మపు రిజిస్టర్లు, పెండ్లి చిట్టాలు, చేతితో వ్రాసికొనిన కీర్తనల పుస్తకములు పెట్టెలలో ఉండవచ్చును. పేర్లు, ఇంటిపేర్లు, ఊరి పేర్లు ఆనాడు ఎట్లు పలికిరో అట్లే వాటిలో పడియుండును.

8. మనము చేయదగిన పని

ఇది పండితులకు మాత్రమే చేతనైన పని కాదు. ఈ క్రింది నాలుగు సంగతులు ఏ గ్రామములోనైన యౌవనస్థులు చేయవచ్చును.

మొదట, ఒక నోటుపుస్తకము తీసికొని ఒక పెద్దవారియొద్ద కూర్చుండుడి. ఒక్క పనిని ఎన్నుకొని, ఆ పని మొదటినుండి చివరివరకు చెప్పించుడి. దుక్కి కావచ్చును, మిరపతోట కావచ్చును, గొర్రెల కాపు కావచ్చును.

రెండవది, వారు పలికినది పలికినట్లే వ్రాయుడి. పుస్తకపు మాటలోనికి దిద్దకుడి. ప్రక్కన ఊరిపేరు, చెప్పినవారి వయస్సు, తేదీ వేయుడి. చేతిఫోనులో గొంతు పట్టి ఉంచిన యెడల మరియు మేలు.

మూడవది, పాత వ్రాత దొరికిన యెడల దానిమీద కలముతో దిద్దవద్దు, నీళ్లతో తుడువవద్దు, ఎండలో పరవవద్దు. శుభ్రమైన నూలుబట్టలో చుట్టి పొడిచోట ఉంచుడి. ఎక్కడ దొరికెనో చీటీమీద వ్రాసి అందులో పెట్టుడి. తాటాకు గ్రంథమైన యెడల ప్రభుత్వ లిఖిత పుస్తక భాండాగారమువారికి తెలుపుడి. నదిలో కలుపుట, మంటలో వేయుట ఎంతమాత్రము కూడదు.

నాలుగవది, బడిపిల్లవాడు ఇంటి మాట పలికినప్పుడు నవ్వకుడి. పరీక్షలో వ్రాయవలసిన భాష వేరు, దానిని నేర్పుడి. ఇంటి మాట తప్పని మాత్రము నేర్పకుడి. యొర్దాను రేవున యాసను అడిగినది ప్రాణము తీయుటకు. మనము అడుగునది పోగొట్టుకొనకుండుటకు.

చర్చించుటకు ప్రశ్నలు

1. ఎఫ్రాయిమీయుని మాట, పేతురు మాట వారిని ఎట్లు పట్టి ఇచ్చెను? మన ఊరిలో యాసవలన ఎవరైన చిన్నబుచ్చబడుచున్నారా?

2. పది ప్రతులు కొన్ని సమయములలో ఒక్క సాక్షితో సమానము. ఎందుచేత?

3. ‘ఏరు’ అను మాటకు మీ ఇంటి పెద్దలు ఏ అర్థము చెప్పుదురు? నాగలి భాగములలో ఎన్నిటి పేర్లు మీకు తెలియును? వారికి ఎన్ని తెలియును?

4. మీ సంఘములో అన్నిటికంటె పాత చేతివ్రాత ఏది? అది ఇప్పుడు ఎవరియొద్ద, ఎట్టి స్థితిలో ఉన్నది?

వచ్చే నెల కూడుకొనునప్పుడు ప్రతివారును ఒక పెద్దవారినుండి వినిన పది మాటలను, వాటి అర్థములతోకూడ, వ్రాసి తీసికొనిరావలెను.